చల్లబడ్డ సాంచల షెడ్డు

హైదరాబాదులో కల్యాణి చేసే ఉద్యోగం ఏమిటో సిరిసిల్లలో ఎవరికీ ఒక పట్టాన అర్థం కాదు. విమానం ఇంజిన్ లోపల, మంటకు ఎదురుగా, చిన్న చిన్న రెక్కలు గిర్రున తిరుగుతుంటాయి. నిజానికి ఆ వేడికి అవి కరిగిపోవాలి. కరగకుండా వాటి ఒంట్లో సన్నని రంధ్రాలు పెట్టి చల్లగాలి పారిస్తారు. ఏ రెక్క ఎక్కడ ఎంత కాగుతుందో, ఎంత గాలి సరిపోతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆమె పని. తెర మీద ఒక్క రెక్క కాస్త ఎర్రబడితే చాలు, ఆఫీసంతా అన్నం మానేస్తుంది.

ఆ రెక్కకున్న యోగం ఆమె తండ్రికి లేదు.

యాదగిరిది రుద్రంగి. అక్కడ గుంటెడు భూమి లేక సిరిసిల్ల వచ్చి, పరశురాములు అనే ఆసామి షెడ్డులో ఎనిమిది సాంచలు నడుపుతున్నాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు, వాటి యజమానిని ఆసామి అంటారు. రేకుల కప్పు, మూసిన కిటికీలు, తిరగని ఫ్యాన్లు. ఫ్యాను వేస్తే పోగులు తెగుతాయి. పోగు తెగితే నష్టం ఆసామికి, మనిషి పడిపోతే నష్టం ఆ మనిషికే. పోయిన ఎండాకాలం యాదగిరి రెండు సాంచల సందులో కళ్లు తిరిగి పడ్డాడు. ఇంకోసారి పడితే లేవడం కష్టమని డాక్టరు ముఖం మీదే చెప్పాడు.

"పని బంద్ పెట్టు నాయినా. నేను సంపాయిస్త లేనా?"

"నువ్వు సంపాయిస్తే బువ్వ దొరుకుతది బిడ్డా. మరి పొద్దెట్ల పోవాలె? నీకు ఇమానాలున్నయి, నాకు సాంచలున్నయి."

ఆయన మానడని తేలిపోయాక, షెడ్డునే చల్లబరచాలనుకుంది కల్యాణి. చలికాలమంతా సెలవు రోజుల్లో ఆ షెడ్డు కొలతలు తీసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఆసామి అనుమతి అడగడానికి వెళ్తే ఆయన నవ్వాడు.

"నాకు కర్సు లేకుంటే ఏమన్న చేస్కో. షెడ్డును మాత్రం గాలిలకు లేపకు."

రేకుల మీద తెల్లగా సున్నం కొట్టించింది. వేడి పోవడానికి కప్పు శిఖరాన సందులు తీయించింది. ఉత్తరపు గోడకు మడమల ఎత్తులో రంధ్రాలు పెట్టించి, వాటికి తడి గోనెలు కట్టించింది. గాలి మెల్లగా నేల వెంట పాకి, పోగును కదిలించకుండా పైకి పోవాలని ఆమె లెక్క. లెక్క తప్పలేదు. ఏప్రిల్ వచ్చేసరికి పక్క షెడ్ల వాళ్లు చెమట ఆరబెట్టుకోవడానికి ఇక్కడికి వస్తున్నారు.

"ఇగ ఇంటికి పోవుడెందుకు, గీడనే మంచమేస్కుంట" అని యాదగిరి తోటి కార్మికుడు మల్లేశం ఊరంతా చెప్పుకున్నాడు.

మే నెలలో కల్యాణి వచ్చేసరికి తండ్రి వేడినీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టుకొని కూర్చున్నాడు. పిక్కలు వాచి ఉన్నాయి.

"ఏమైంది నాయినా?"

"ఏం లేదు. పన్నెండయినయి."

"ఏంది పన్నెండు?"

"సాంచలు. ఉరుకుడే ఉరుకుడు. నిన్న మళ్ల కండ్లు తిరిగినయి."

ఆమె నేరుగా ఆసామి దగ్గరికి వెళ్లింది. ఆయన కుర్చీ వేయించి, కూల్ డ్రింక్ తెప్పించాడు.

"గట్ల కోపమెందుకు బిడ్డా? ఉడుకపోస్తుందంటే ఎనిమిదే ఇచ్చిన. నువ్వు సల్లగ జేసినవ్. సల్లగున్న మనిషి పన్నెండు సూస్కోడా?"

ఆసామి చెప్పింది అచ్చంగా కల్యాణి వృత్తి ధర్మమే. ఇంజిన్‌లో రెక్క మీద జాలితో గాలి పారించరు. మంట ఇంకా పెంచడానికే పారిస్తారు. ఆమె ఒక రెక్కను చల్లబరచిన ప్రతిసారీ మేనేజరు అడిగే మొదటి ప్రశ్న, "ఇప్పుడు ఎన్ని డిగ్రీలు పెంచొచ్చు?" ఆమె లెక్కవేసి చెప్పేది. అలా చెప్పినందుకే కిందటేడు బహుమతి కూడా ఇచ్చారు.

మరునాడు, ఎనిమిదికి మించి నడపమని కార్మికులంతా సాంచలు ఆపేసి షెడ్డు బయట కూర్చున్నారు. కల్యాణి సెలవు పొడిగించుకొని తండ్రి పక్కన కూర్చుంది. ఆసామి గుమ్మంలోకి వచ్చాడు.

"లోపట ఊటీ లెక్కుంటే, గీ ఎండల సచ్చుడేందిరా?"

"గంత సల్లగుంటే నువ్వే నడుపరాదు ఆసామీ" అన్నాడు మల్లేశం. అందరూ గొల్లుమన్నారు.

"పది. ఇగ మాట్లాడకుండ్రి" అన్నాడు ఆసామి.

నవ్వులు ఆగిపోయాయి. మల్లేశం కల్యాణి వైపు తిరిగాడు. "ఇంజినీరమ్మా, మనిషికి పది పడుతయా? నీ కంప్యూటర్ల జూసి చెప్పు."

చూస్తే జవాబు వస్తుంది. ఒకసారి పది అని వస్తే, వచ్చే ఏడాది పదకొండూ వస్తుంది.

"నా కంప్యూటర్‌కు కాళ్లు లేవన్నా. నాయినను అడుగు."

యాదగిరి లేవబోయాడు, లేవలేకపోయాడు. బిడ్డ భుజం పట్టుకొని నిలబడ్డాడు.

"ఎనిమిది" అన్నాడు.

ఆర్డర్ గడువు మీద పడుతుండటంతో సాయంత్రానికి ఆసామి దిగివచ్చాడు. "సరే, ఎనిమిదే. గీ ఎండలు తగ్గేదాంక. చలికాలం సంగతి చలికాలం జూద్దాం." చల్లబడితే పని పెంచడం ఆయన మరిచిపోలేదు.

అప్పటికే వెనక వీధిలో మరో మూడు షెడ్ల మీద నిచ్చెనలు వేసి సున్నం కొడుతున్నారు. ఆ ఆసాములను ఎవరూ అడగలేదు. వాళ్లకే దయ కలిగింది. కల్యాణి చెప్పులు తొడుక్కొని అక్కడికి నడిచింది. నిచ్చెన పట్టుకొని సంబరంగా నిలబడ్డ కార్మికుడిని పలకరించింది.

"అన్నా, మీకు ఎన్ని సాంచలు?"

"ఎనిమిది. ఎందుకమ్మా?"

"సున్నం ఆరకముందే ఆసామి తోటి ఎనిమిదే అని మాట తీస్కోండ్రి."