బుడ్డకాకర చప్పుడు

రాస్ అల్ ఖైమా నుంచి దుబాయ్ వచ్చే బస్సులో నా పక్కనున్న తెలుగమ్మాయి ఫోనులో ఏదో పాత పుస్తకం చూస్తోంది. టీ రంగు పేజీల మీద మొక్కల బొమ్మలు. బస్సు ఊపుకి అవి నీళ్ళలో ఊగుతున్నట్టున్నాయి.

"ఎంత పోసి కొన్నావమ్మా?"

"కొనలేదు మామ్మగారూ. ఎప్పుడో దొరలు మన మొక్కల మీద రాసిన శాస్త్రం. ఇప్పుడు దానిమీద ఎవరికీ హక్కు లేదు. నెట్‌లో ఎవరైనా ఊరికే చూడొచ్చు."

"ఊరికే ఎవడిస్తాడు? చివర్లో లాగుతాడు చూడు."

ఆమె నవ్వి పేజీ జరిపింది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరును కూడబలుక్కుని, "బుడ్డకాకర" అని చదివింది. చిన్నప్పుడు ఆ బుడగకాయల్ని నుదుటికి కొట్టుకుని పగలగొట్టేవాళ్ళం. అలాంటి కాయే లేదని, నేను కల్పించానని మా మనవలు ఎగతాళి చేస్తారు. నా బొటనవేలు ఆగలేదు, వెళ్ళి కాయను నొక్కింది. బొమ్మ పెద్దదై ఫోనంతా ఆకుపచ్చగా నిండింది. పాడుచేశానేమోనని చెయ్యి లాక్కున్నాను.

నేనేమీ చెప్పకుండానే ఆ అమ్మాయి నోటితో మెల్లగా "టప్" అంది.

పుస్తకం పేరు అడగడం మరిచాను. మనవలు ఇప్పటికీ నవ్వుతారు. నేను మాత్రం వాళ్ళతో వాదించడం మానేశాను.