పన్నెండు రోజుల డ్యూటీ, ఒక పాత కారు

ఉదయం ఆరు ఇరవైకి మా బళ్ళు రేపల్లె దాటాయి. మూడు ట్రక్కులు, రెండు రబ్బరు పడవలు, ముప్పై నాలుగు మంది. వాన ఆగి తొమ్మిది గంటలైంది. గాలి మాత్రం ఇంకా ఆగలేదు. నగరం మండలంలోకి వచ్చేసరికి రోడ్డుకు రెండు పక్కలా వరి చేలు లేవు. నీళ్ళే. ఎక్కడ కాలువ గట్టో, ఎక్కడ రొయ్యల చెరువో తెలియడం లేదు. కరెంటు స్తంభాలు వరసగా ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయి. ఏడు పదికి ఒక హైస్కూలు ముందు దిగాం. అదే మా పోస్టు. మా పై ఆఫీసు బాపట్లలో.

సైన్యంలో పదిహేడేళ్ళు చేసి వచ్చాను. ఊళ్ళో ఎవరైనా కూర్చోబెడితే కొండల గురించి, మంచు గురించి అడుగుతారు. నాకు ముందు గుర్తొచ్చేది తుఫాను తర్వాతి ఈ పన్నెండు రోజులే. మాది తెనాలి పక్కన నందివెలుగు. పుట్టిన ఊరికి ఇంత దగ్గర్లో డ్యూటీ పడటం నా సర్వీసులో అదొక్కసారే. నేను బళ్ళ ఎలక్ట్రీషియన్‌ని. హవల్దార్‌ని. ఆ పోస్టులో తెలుగు వచ్చినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే. అందుకని ఊళ్ళోవాళ్ళు ఏ అవసరానికి వచ్చినా నా దగ్గరికే పంపేవారు.

ఐదో రోజు, మంగళవారం, ఉదయం ఎనిమిదింటికి ఒక ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి దోపింది. పేరు నాగులమ్మ. సముద్రపు చేప కొని ఊళ్ళకు వేసే వ్యాపారం. భర్త పోయాక ఆయన కారు తనే నడపడం నేర్చుకుంది.

"నా తమ్ముడు సింహాద్రికి కిడ్నీలు పోయినయ్యండి. వారానికి రెండుసార్లు తెనాలి తీసికెళ్ళి రక్తం శుద్ధి చేయించాల. నిన్న సోమవారం తప్పిపోయింది. గురువారం కూడా తప్పితే..." అని ఆగింది.

స్కూలు వరండాలో సింహాద్రి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై ఐదేళ్ళ మనిషి. ముఖం ఉబ్బి ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదని రాత్రంతా కూర్చునే ఉన్నాడట.

అంబులెన్సులు గండ్లు పడ్డ ఊళ్ళ వైపు తిరుగుతున్నాయి. ఊళ్ళో మిగతా బళ్ళు నీట మునిగాయి. నాగులమ్మ తన కారును తుఫానుకు ముందురోజే కాలువ గట్టు మీద పెట్టింది కాబట్టి మిగిలింది. ఆ కారుకే రోగం. నడుస్తూ నడుస్తూ చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. రెండేళ్ళుగా అంతే.

సుబేదార్ సాబ్‌కి చెప్పాను. ట్రక్కు అడిగాను. మా పోస్టుకు ఆయనే పెద్ద, ఎంత నీళ్ళలో తిరిగినా బట్టల మీద ఇస్త్రీ మడత చెదరని మనిషి. మాట తక్కువ.

"గురువారం ట్రక్కు ఇస్తాను. మనం వెళ్ళిపోయాక ఎవరిస్తారు?" అన్నారు.

ఆయన చేతి గడియారం చూసుకున్నారు.

"ఈ రోజు నిన్ను మిగతా పనుల నుంచి తప్పిస్తున్నాను. పదహారు గంటలకు వచ్చి కారు నడుస్తుందో లేదో చెప్పు."

అంటే సాయంత్రం నాలుగు. అప్పుడు టైము ఉదయం ఎనిమిదిన్నర.

అది పాతికేళ్ళు పైబడిన పెట్రోలు కారు. ఒకప్పుడు తెలుపు. లోపల చేపల వాసన. వెనక సీటు మీద మాత్రం ఉతికిన దుప్పటి మెత్తగా మడిచి పరిచి ఉంది. బ్యాటరీ కొత్తది. ప్లగ్గులకు కరెంటు పెంచి ఇచ్చే కాయిల్ కొత్తది. పెట్రోలు పంపు కొత్తది. ప్లగ్గులు రెండుసార్లు మార్చారు. తీగలన్నీ లాగి చూశాను. అన్నీ గట్టిగా ఉన్నాయి.

"ఆగిపోతే ఏం చేస్తావక్కా?"

"కాయిలు వేడెక్కుద్దంట. పది నిమిషాలు ఆపి చల్లారనియ్యమన్నారు. ఆపుతా. తర్వాత స్టార్టవుద్ది."

"ఎక్కడ ఆగుద్ది?"

"ఒకచోటని ఏంటి తమ్ముడూ, దాని ఇష్టం."

ఒక చిన్న బల్బుకు రెండు పొడవాటి తీగలు కట్టాను. ఒకటి కాయిల్‌కు కరెంటు వచ్చే చోట, ఒకటి బాడీకి. బల్బును కిటికీలోంచి లోపలికి తెచ్చి డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. ఇంజిన్ ఆగిన క్షణంలో బల్బు ఆరితే తప్పు తాళంచెవి వైపు. వెలుగుతూ ఉంటే తప్పు ఇంజిన్ వైపు. లోపం దానంతటది వచ్చినప్పుడు పట్టుకోవాలి. పిలిస్తే రాదు.

తొమ్మిది పదికి బయల్దేరాం. నేను నడిపాను, ఆవిడ పక్కన కూర్చుంది. రేపల్లె వైపు పోయి వచ్చాం. ఆగలేదు. మళ్ళీ పోయాం. గుంతల్లో దింపాను, గట్లు ఎక్కించాను. ఆగలేదు. పదకొండు నలభైకి స్కూలు ముందు ఆపాను. బల్బు ఒక్కసారి కూడా ఆరలేదు.

వరండాలోంచి రేడియో ఆపరేటర్ కేకేశాడు. "ఏం రాసుకోను హవల్దార్? బాగుందనా?"

ఆ మాట దగ్గర ఆగిపోయాను. అంతకు ఆరేళ్ళ ముందు ఉత్తరాన ఒక పోస్టులో ఒక ట్రక్కును ఇలాగే రోజంతా తిప్పి చూశాను. డ్రైవరు మధ్యలో ఆగిపోతోందన్నాడు. నాకు ఆగలేదు. పుస్తకంలో 'లోపం లేదు' అని రాసి సంతకం పెట్టాను. మూడో రోజు అది మంచులో ఆగింది. డ్రైవరుకు చలికి గడ్డకట్టి ఎడమ చేతి వేళ్ళు రెండు పోయాయి. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. డ్రైవరు కూడా అనలేదు.

"ఏమీ రాయొద్దు," అన్నాను.

నాగులమ్మ నా వైపు చూస్తోంది. "నేను అబద్ధం చెప్పలేదు తమ్ముడూ," అంది.

"నాకు తెలుసక్కా. ఈసారి నువ్వు నడుపు. సింహాద్రన్నని వెనకాల కూర్చోబెట్టుకుని, తెనాలి ఎట్టా పోతావో అట్టా నడుపు."

సింహాద్రిని మెల్లగా తెచ్చి దుప్పటి మీద కూర్చోబెట్టాం. ఆవిడ స్టీరింగ్ పట్టుకుంది. అప్పుడు చూశాను. నేను తొక్కినట్టు ఆవిడ తొక్కదు. గుంత కనపడితే పదడుగుల ముందే నెమ్మది చేస్తుంది. ఆక్సిలరేటర్ మీద పాదం ఆనీ ఆననట్టు పెడుతుంది. మధ్యమధ్య అద్దంలో తమ్ముడి ముఖం చూస్తుంది.

"కుదిపితే వాడికి వాంతి వచ్చుద్ది తమ్ముడూ," అంది.

పదకొండు యాభై ఎనిమిదికి చదును రోడ్డు మీద ఇంజిన్ ఆగిపోయింది. దగ్గలేదు, గింజుకోలేదు. టక్కున ఆగింది. బల్బు వెలుగుతూనే ఉంది.

ఆవిడ అలవాటుగా తలుపు తీసింది.

"దిగొద్దక్కా. ఇప్పుడే తాళం తిప్పు."

"చల్లారాలిగా?"

"తిప్పు."

తిప్పింది. వెంటనే స్టార్టయింది. రెండేళ్ళుగా ఆవిడ రోడ్డు పక్కన పది పది నిమిషాలు నిలబడింది. వేడి సంగతి ఎవరో అన్నారు, అందరూ నమ్మారు. వెంటనే తిప్పి చూసినవాళ్ళు లేరు.

కాబట్టి వేడి కాదు. కాయిల్ దాకా కరెంటు వస్తోంది. నేను గట్టిగా తొక్కితే ఆగదు, ఆవిడ సుతారంగా తొక్కితే ఆగుతుంది. పాదం తేలికగా ఉన్నప్పుడు ఇంజిన్లో కదిలేది ఏంటి?

ఇంజిన్ పక్కన డిస్ట్రిబ్యూటర్ అని ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. ప్లగ్గులకు నిప్పురవ్వను పంచేది అదే. దానికి ఒక సన్నటి గొట్టం. పాదం తేలికగా పెట్టినప్పుడు ఇంజిన్ ఆ గొట్టంలోంచి గాలి లాగుతుంది. ఆ లాగుడుకు డబ్బాలో ఒక పలక కొంచెం తిరుగుతుంది. గట్టిగా తొక్కితే తిరగదు.

స్కూలు ముందుకు వచ్చి, ఇంజిన్ ఆపకుండానే బానెట్ ఎత్తాను. గొట్టాన్ని ఇంజిన్ వైపు ఊడదీసి, అక్కడి రంధ్రం మీద వేలు పెట్టి, గొట్టాన్ని నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాను. ఇంజిన్ ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేయించాను. మళ్ళీ పీల్చాను. మళ్ళీ ఆగింది.

"అదేంటి తమ్ముడూ, పెట్రోలు తాగుతున్నావా?" అంది నాగులమ్మ.

సింహాద్రి నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. అయినా నవ్వాడు.

డబ్బా మూత తీశాను. లోపల వేలెడంత తీగ. పలకతోపాటు అటూ ఇటూ వంగే తీగ అదొక్కటే. పైన తొడుగు శుభ్రంగా ఉంది. రెండు వేళ్ళతో పట్టి వంచితే మధ్యలో మెత్తగా తగిలింది. తొడుగు చీల్చాను. లోపలి రాగిపోగులన్నీ ఉప్పుగాలికి ఆకుపచ్చగా మారి తెగి ఉన్నాయి. పలక తిరిగితే కొసలు విడిపోతాయి. ఇంజిన్ ఆగగానే పలక వెనక్కి వస్తుంది, కొసలు మళ్ళీ తగులుతాయి.

అంత మెత్తగా వంగే తీగ మా సామానులో లేదు. రేపల్లెలో షాపులు తెరవలేదు. సుబేదార్ సాబ్‌కి చెప్పాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, లోపలికి వెళ్ళి, తన ఇస్త్రీ పెట్టె తెచ్చారు.

"ఈ తీగ పనికొస్తుందా?"

ఇస్త్రీ పెట్టె తీగలో వెంట్రుకల్లాంటి పోగులుంటాయి. ఎంత వంచినా విరగవు.

"పనికొస్తుంది సాబ్. కానీ మీ ఇస్త్రీ..."

"ఊళ్ళో కరెంటు ఉందా?" అన్నారు. ఐదు రోజుల్లో ఆయన వేసిన జోక్ అదొక్కటే.

వేలెడు ముక్క కోశాను. కొసలకు టంకం పెట్టి బిగించాను. రెండు ఇరవైకి పని అయింది. గొట్టం నోట్లో పెట్టుకుని చెంపలు నొప్పి పుట్టేదాకా పీల్చాను. ఇంజిన్ ఆగలేదు. తర్వాత నాగులమ్మ రేపల్లె దాకా పోయి వచ్చింది, తన పద్ధతిలోనే, సుతారంగా. నాలుగింటికి సుబేదార్ సాబ్ ముందు నిలబడి, "లోపం ఉంది సాబ్. దొరికింది," అన్నాను.

గురువారం పొద్దున ఐదున్నరకు బయల్దేరాం. తోడుగా నన్ను పంపారు. చేతిలో వాకీటాకీ.

"పోస్టు, ఇది కారు. రేపల్లె చేరాం. ఆగలేదు. ఓవర్."

"విన్నాను. మనిషి ఎలా ఉన్నాడు? ఓవర్."

"కూర్చున్నాడు. కిటికీలోంచి చేలు చూస్తున్నాడు. ఓవర్."

ఆ తర్వాత సిగ్నల్ అందలేదు. జంపని దాటేసరికి నీళ్ళు వెనకబడ్డాయి. రోడ్డు పక్కన పచ్చటి వరి నిలబడి ఉంది. నాగులమ్మ అది చూసి గట్టిగా ఊపిరి వదిలింది. ఏడు ఐదుకు తెనాలి ఆసుపత్రి గేటు. దారిలో కారు ఒక్కసారి కూడా ఆగలేదు. సింహాద్రిని లోపలికి తీసుకెళ్ళారు.

పన్నెండో రోజు పోస్టు ఎత్తేసి బాపట్లలో రైలెక్కాం. యూనిట్‌కు చేరాక నా బళ్ళు, నా టెస్టర్లు, మామూలే. అక్కడి వాళ్ళు తుఫాను గురించి అడిగితే నీళ్ళ లోతు చెప్పాను. మూడేళ్ళ తర్వాత పెన్షన్ మీద నందివెలుగు వచ్చేశాను. ఇప్పుడు తెనాలిలో ఎవరి బండైనా ఉండుండి ఆగిపోతుంటే నా దగ్గరికి తెస్తారు. ముందు వాళ్ళనే నడపమంటాను.

కళ్ళు మూసుకుంటే వచ్చేది మాత్రం ఆ గురువారం మధ్యాహ్నం. పన్నెండు దాటింది. ఎండ మాడుస్తోంది. నేను టీ పట్టుకుని ఆసుపత్రి ఆవరణలోకి వచ్చాను. కారు తలుపు తెరిచి ఉంది. స్టీరింగ్ ముందే నాగులమ్మ నిద్రపోయింది, నోరు తెరుచుకుని, ఒక పాదం బయటికి వేలాడేసి. ఎన్ని రాత్రుల నిద్రో. ఎండ తలుపులోంచి లోపలికి పడుతోంది. అప్పటికే సింహాద్రి బయటికొచ్చాడు. ముఖం వాపు తగ్గింది. మోచేతి దగ్గర దూది పట్టీ. కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. అయినా తలుపు పక్కన నిలబడి, రెండు చేతులతో తువ్వాలు విప్పి పట్టుకుని, అక్క ముఖానికి నీడ ఇస్తున్నాడు. నన్ను చూసి, లేపొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.