మింగళాడోన్ ఇంటి ముందు ఎర్రాకుల చెట్టు

నా భార్య చూపు తగ్గుతోందని మాకు మొదట తెలిసింది కొట్లోనే. బర్మాలో, లత అనే పేటలో మాది చిన్న దినుసుల కొట్టు. ఒకరోజు ఎండుమిరపకాయల డబ్బా అనుకుని పక్కనున్న ఎండురొయ్యల డబ్బాలో చెయ్యి పెట్టింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మూత మీద రాసింది కనపడ్డం లేదండీ. ఎటు సూసినా మజ్జిలో మసగ్గా ఉంది" అంది.

ఆమెకు షుగరు చాలాకాలంగా ఉంది. అది కళ్లలోకి దిగింది. లేజర్ పెట్టారు, సూదులు వేశారు. మిగిలిన చూపును కాపాడుకోవడానికే ఇదంతా, ఎంతకాలం నిలుస్తుందో తాను చెప్పలేనని డాక్టరు అన్నాడు. మేముండేది ఆరో అంతస్తు. లిఫ్టు లేదు. కరెంటు పోతే మెట్ల మీద పట్టపగలే చీకటి. రెండుసార్లు జారిపడింది. దాంతో ఆ వాటా అమ్మేసి, కొట్టు మా తమ్ముడికి అప్పగించి, మింగళాడోన్‌లో విమానాశ్రయం పక్కన, విమానాల మోత కింద ఒక చిన్న రేకుల ఇల్లు కొనుక్కున్నాం. మాకు పిల్లలు లేరు. ఎక్కడికెళ్లినా ఇద్దరమే.

ఇంటి ముందు కాస్త జాగా ఉంది. కంకర, విరిగిన ఇటుకలు, గడ్డి తప్ప మరేం లేదు. సామాన్లు ఇంకా సర్దనేలేదు, ఆమె వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుని అడిగింది.

"ఇక్కడ సెట్లు ఏద్దారండీ. ఆకులు ఎర్రగా అయ్యే సెట్లు."

కొరియా సీరియళ్లంటే ఆమెకు ప్రాణం. వాటిలో దారి పొడవునా ఎరుపు, పసుపు ఆకులు రాలుతుంటే ఇద్దరు నడిచి వెళుతూ ఉంటారు. కథ కన్నా ఆ చెట్ల కోసమే చూసేది.

"పూలమొక్కలైతే బేగి పూస్తాయి గదా" అన్నాను.

"పూలు సిన్నవి. నాకు కనపడవు. సెట్టు సెట్టంతా ఎర్రగా అయిపోతే కనపడతాది."

మర్నాడే నర్సరీకి వెళ్లాం.

ఆ నర్సరీ ఇన్సేన్ వెళ్లే రోడ్డు పక్కన ఉంది. నడిపేది బుగ్గలకు తనకా చెక్క గంధం పూసుకున్న ఒక నడివయసు బర్మా ఆవిడ. సీరియల్లో చెట్టు కావాలని నా భార్య వచ్చీరాని బర్మా భాషలో చేతులు తిప్పుతూ చెప్పింది. ఆవిడ నవ్వి, అలాంటివి తెప్పించి అమ్మేవాళ్లు ఉన్నారు గానీ వేసవి ఎండకు ఒక్కటీ బతకదు, డబ్బు తగలేసుకోకండి అంది. ఇక్కడి చెట్లకు ఇక్కడి కాలమే తెలుసు, వానలు వెళ్లి చలి కూడా వెళ్లబోయేముందు ఎర్రబడతాయి అంటూ మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది.

అక్కడ బాదం చూపించింది. వాళ్లు బండా అంటారు. కొమ్మలు అంతస్తులుగా పరుచుకుంటాయి, ఆకు అరచేయి కన్నా పెద్దది, రాలేముందు పచ్చ నుంచి ఎరుపులోకి తిరుగుతుంది. ఇంకొకటి ఊదాపూల చెట్టు. దాని ఆకు కూడా ఎర్రబడుతుంది గానీ ఆకు చిన్నది. నా భార్య రెండింటి ఆకులనూ వేళ్లతో తడిమి చూసి బాదమే అంది. కింద వేయడానికి క్రోటన్లు ఎంచుకుంది. పసుపు మీద ఎర్ర చుక్కలవి, రాగి రంగువి. వాటికి కాలంతో పని లేదు, ఏడాది పొడవునా రంగే.

"సెట్టుకి రంగొచ్చేదాకా ఈటిని సూసుకుంటాను" అంది.

బాదంలో మోకాలెత్తు మొక్కలు చవగ్గా ఉన్నాయి. నేను వాటివైపు చూడలేదు. నా చేతిమణికట్టు అంత కాండంతో, పెద్ద డ్రమ్ములో పెంచిన చెట్టొకటి మూలన ఉంది. పెద్దచెట్టు చోటు మారితే అలుగుతుంది, చిన్నదే నయం అని ఆవిడ చెప్పింది. నేను నా భార్యవైపు చూశాను. నర్సరీ ఆవిడ కూడా ఆమె కళ్లవైపు చూసింది. ఇక ఆ మాట ఎత్తకుండా ట్రక్కు కోసం ఫోన్ చేసింది.

ఎక్కడ నాటాలన్నది తేల్చడానికి ఒక పూట పట్టింది. ఆమె ఎర్ర తువ్వాలును వెదురుకర్రకు కట్టి నేను జాగా అంతా తిరిగాను. ఆమె వరండా కుర్చీలోంచి కేక వేసేది.

"ఇప్పుడు నేదు. ఇంకా ఎడంపక్కకి. ఆఁ, అక్కడ! ఆ గోడ ముందర. బాగా కనపడతంది!"

అది పక్కింటివాళ్ల తెల్ల గోడ. చూపు మధ్యలో మసక కాబట్టి చెట్టు ఎదురుగా ఉండకూడదు, కాస్త పక్కకు ఉండాలి. అక్కడే గొయ్యి తీయించాం.

నర్సరీ ఆవిడ చెప్పినట్టే చెట్టు అలిగింది. మొదటి చలికాలం ఆకులు ఎర్రబడకుండానే గోధుమరంగుకు ఎండి, ముడుచుకుని రాలిపోయాయి. నా భార్య పొద్దున్నే క్రోటన్ల దగ్గర పీట వేసుకుని, ఆకుకు ముఖం ఆనించేంత దగ్గరగా వంగి చూసుకునేది. "ఇది మా అమ్మ నేత కోక అంచు. ఇది పండిన ఈతపండు" అని ఒక్కోదానికి ఒక్కో పోలిక చెప్పేది. వేసవిలో బాదం కొత్త చిగుళ్లు వేసింది. చెట్టు నిలిచిందని నేను గంతులేసినంత పని చేశాను.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం ఆమె వంటింట్లోంచి పిలిచింది.

"ఏటండీ, ఇల్లంతా పొగ. ఏటి మాడిపోతంది?"

పొయ్యి వెలిగించనేలేదు. పొగ లేదు. ఆమె రెండు చేతులతో గాలిని చెదరగొట్టుకుంటోంది.

కంటి లోపల రక్తం చిమ్మింది. ఆపరేషన్లు చేశారు. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి వెలుతురూ చీకటీ తేడా మాత్రం మిగిలింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున గేటు దగ్గర ఆగి, "సెట్టు ఎంత పెరిగిందీ?" అని అడిగింది. రేకుల ఎత్తు దాటిందన్నాను. తల ఊపి లోపలికి నడిచింది.

చలికాలం చివర్లో బాదం ఎర్రబడింది. ముందు కింది కొమ్మల్లో ఒకటీ రెండూ, తర్వాత వారం తిరిగేసరికి తెల్లగోడ ముందు చెట్టంతా. పొద్దుటి ఎండ వెనకనుంచి పడితే ఆకుల్లో దీపాలు పెట్టినట్టుంది. ఆమెతో ఎలా చెప్పాలో తెలియక నేను ఆ మాట దాచాను. కానీ పక్కింటావిడ గోడ మీదుగా "హ్లా లైత్తా!" అని, ఎంత అందమోనని బర్మా భాషలో అరిచేసింది.

నా భార్య కుర్చీలోంచి లేచింది. "వచ్చిందా?"

"వచ్చింది."

"మరి సెప్పరేటి? ఎలగుందో సెప్పండి."

"ఎర్రగా ఉంది."

"ఏ ఎరుపండీ? ఎరుపంటే ఒక్కటేనేటి?"

నేను జీవితమంతా తూకం వేసి పొట్లాలు కట్టినవాడిని. రంగుల గురించి మాట్లాడినవాడిని కాదు. అయినా నేర్చుకున్నాను. రోజూ కొన్ని ఆకులు ఏరి ఆమె ఒళ్లో పెట్టి చెప్పేవాడిని. ఇది కుంకుమ. ఇది నానబెట్టిన చింతపండు. దీనికి ఈనెల దగ్గర ఇంకా పచ్చ ఉంది. ఆమె ఆకును చెంపకు ఆనించుకుని వినేది. కొన్నిసార్లు "ఇటికి రంగా? తడిసిన ఇటికా, ఎండినదా?" అని నిలదీసేది. ఆ కాసిని రోజులూ ఇద్దరం కలిసే చెట్టును చూస్తున్నామని నేను నమ్మాను.

ఒకరోజు నేను చెబుతూ ఉండగానే నా చెయ్యి పట్టుకుంది.

"ఇంక సాలండీ. సెప్పకండి."

"ఏమే, ఏమైంది?"

"మీరు ఎరుపంటన్నారు. నాకు లోపల ఏటీ రావట్లేదు. మా అమ్మ కోక తలుసుకున్నాను. రానేదు. నా పెళ్లి బొట్టు తలుసుకున్నాను. అంతా మట్టిరంగే." ఒళ్లోని ఆకులు తడిమి పక్కన పెట్టింది. "కళ్లు పోతే పోయాయి. లోపలదైనా ఉంటాదనుకున్నాను."

ఆమె ఏడవలేదు. నాకే ఆగలేదు. వినపడకూడదని పెరట్లోకి వెళ్లి కుళాయి తిప్పి దాని పక్కన నిలబడ్డాను.

కొన్నాళ్ల తర్వాత అడిగాను, చెట్టు కొట్టించేయనా అని. నిజానికి దాన్ని చూడటం నావల్ల కావడం లేదు.

"దాన్నెందుకు కొట్టడం? దానికేటి తెలుసు" అంది.

చెట్టు ఉంది. ఇప్పుడు రేకుల మీదకు కొమ్మలు చాచింది. ఈ ఏడు మరీ ఎర్రగా తిరిగింది. దారిన పోయే పిల్లలు ఆగి ఫోన్లతో ఫొటోలు తీసుకుంటున్నారు. బాదం ఆకు పెద్దది, ఎండాక కాలు పడితే గట్టిగా చప్పుడవుతుంది. ఆమె లేవకముందే నేను వాకిలి ఊడ్చేస్తాను. ఊడ్చినా కొన్ని రాలుతూనే ఉంటాయి. నిన్న మంచుకు తడిసిన ఆకొకటి ఆమె అరికాలికి అంటుకుంది. గోడ పట్టుకుని నిలబడి, వంగి, దాన్ని ఊడదీసింది. బొటనవేలితో దాని మీద ఒకసారి రాసింది. ఆ తర్వాత చెయ్యి చాపి నాకు ఇచ్చింది, పారేయమన్నట్టు. ఏ రంగని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.