శనివారం కడుపునొప్పి

నా చిన్నప్పుడు మేం అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. పదకొండేళ్ళకే తాటిచెట్టులా ఎదిగాను గానీ పరుగెత్తడం చేతకాదు. అలాంటి పిల్లల్ని ఏం చేయాలో సాకర్ కోచ్‌లకు బాగా తెలుసు, గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా, నిలబెడతారు. నన్నూ నిలబెట్టారు.

ఒక శనివారం, ఇంకో నిమిషంలో ఆట ముగుస్తుందనగా, ఒక బంతి దొర్లుకుంటూ వచ్చింది. పాకే పాప కూడా ఆపగలిగేంత మెల్లగా వచ్చింది. వంగాను. అది నా కాళ్ళ మధ్య నుంచి వెళ్ళి వలలో కూర్చుంది. ఓడిపోయాం. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అదే భరించలేకపోయాను.

ఇంటికి రాగానే కడుపునొప్పి అన్నాను. వచ్చే శనివారం ఆట తప్పించుకోవాలని ఆడిన అబద్ధం అది. మా జట్టుకు వేరే గోలీ లేదని తెలిసీ ఆడాను. పాపం మా అమ్మ నమ్మేసింది. పూటపూటా వాము నీళ్ళు తాగించింది. మర్నాడు మా తెలుగు చర్చిలో లేచి నిలబడి, నా కడుపు కోసం ప్రార్థించమని అందరినీ అడిగింది. ఆంటీలంతా కళ్ళు మూసుకుని నా పొట్ట గురించి దేవుణ్ణి బతిమాలుతుంటే, నేను ఒక కన్ను తెరిచి చూస్తూ సిగ్గుతో చచ్చిపోయాను. అంతటితో ఆగినా బాగుండేది. గురువారం నాడు, "రేపు డాక్టర్‌ దగ్గర అపాయింట్‌మెంట్ బుక్ చేశానే, ఎక్స్‌రే తీస్తారేమో" అంది. ఎక్స్‌రేలో నా అబద్ధం తెల్లగా కనబడిపోతుందని గట్టిగా నమ్మాను.

మా పక్కింట్లో ఒక అంకుల్ ఉండేవారు, ఇంగ్లండ్ ఆయన. అక్కడ ఒకే క్లబ్‌కు ఇరవై రెండేళ్ళు గోల్‌కీపర్‌గా ఆడి, రిటైరయ్యాక కూతురి దగ్గరకు వచ్చేశారు. సాకర్ అంటే ఊరుకునేవారు కాదు, ఫుట్‌బాల్ అనాలి. చేతివేళ్ళన్నీ విరిగి అతుక్కున్నవే, అల్లం కొమ్ముల్లా ఉండేవి. నా ఆటలు చూడటానికి వస్తుండేవారు, ఆ ఓడిన ఆట కూడా చూశారు.

ఆ గురువారం సాయంత్రం ఆయన టీకి వస్తే అమ్మ నా జబ్బు సంగతి ఆయనకూ చెప్పింది. ఆయన కప్పు పక్కన పెట్టి నా వైపు చూశారు. ఇక దొరికిపోయాననుకున్నాను.

"ఈ నొప్పి నాకు బాగా తెలుసు. ఇరవై రెండేళ్ళు, ప్రతి శనివారం పొద్దున వచ్చేది" అన్నారు అమ్మతో, తాపీగా.

ఏం మందు వాడారని అమ్మ కంగారుగా అడిగింది. దానికి మందు లేదట. ఆటకు ముందు వాంతి చేసుకుని, మూతి కడుక్కుని, గ్లవ్స్ తొడుక్కుని వెళ్ళేవారట. ఒకసారి వేలమంది చూస్తుండగా ఆయన కాళ్ళ మధ్య నుంచి కూడా బంతి దూరిపోయిందట. మరుసటి వారం నొప్పి రెట్టింపైందట. అయినా వెళ్ళారు.

"తగ్గాక వెళ్దామని కూర్చునుంటే ఒక్క మ్యాచ్ కూడా ఆడేవాణ్ణి కాదు" అని నవ్వారు.

అప్పుడు గమనించాను, నాకు నిజంగానే నొప్పిగా ఉంది. బహుశా వారమంతా ఉందేమో, అబద్ధం ఆడుతున్నాననే గొడవలో పట్టించుకోలేదు. ఏడుపు ఆగలేదు. అమ్మ ఒళ్ళో తల పెట్టి అంతా చెప్పేశాను.

"పిచ్చి మొహమా, ముందే చెప్పొచ్చు కదా! చర్చి మొత్తం చేత ప్రేయర్ చేయించానే" అంటూ అమ్మ నా తల నిమిరింది. తిట్టలేదు. డాక్టర్‌ ఆఫీస్‌కి ఫోన్ చేసి కేన్సిల్ చేసింది. గుండె మీంచి బండ దించినట్టయింది.

శనివారం వెళ్ళాను. నొప్పి కూడా నాతో వచ్చింది. రెండు గోల్స్ వదిలాను, నాలుగు ఆపాను. ఆట సమానంగా ముగిసింది. నొప్పి ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

ఇప్పుడు యాభైకి దగ్గరపడ్డాను. చిన్నపిల్లలకు ఆపరేషన్లు చేయడం నా వృత్తి. లోపలికి వెళ్ళే ముందు ఈనాటికీ కడుపులో తిప్పుతుంది. కొత్తగా చేరిన డాక్టర్లు కొందరు నా దగ్గరకొచ్చి, భయంగా ఉంది, ఈ పనికి పనికిరామేమో అంటారు. భయపడొద్దని నేనెప్పుడూ చెప్పలేదు. నాకూ భయంగానే ఉంది, పద, చేతులు కడుక్కుందాం అంటాను.