పసుపు నీళ్ల చీర

ఖమ్మంలో స్టూడియోలో కలర్ ప్రింటింగ్ నేర్చుకునే రోజుల్లో మా ఉస్తాద్ నాకు ఒకే మాట నూరిపోశాడు. "ఫొటోల తెలుపు యాడుందో పట్టుకోరా. దాన్ని తెల్లగ తెచ్చినవంటే మిగిలిన రంగులు అవే దారికొస్తయి." నెగెటివ్ నుంచి ప్రింటు తీయడమంటే అంతా తలకిందులు. ప్రింటు వేసే దీపం కింద పసుపు ఫిల్టర్ పెంచితే ఫొటోలో పసుపు తగ్గుతుంది. ఈ తిరకాసు బుర్రకెక్కేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం, ఉస్తాద్ మధిరలో పెళ్లి ఫొటోలకు పోయిన రోజున, దమ్మపేట నుంచి ఒక పెద్దామె వచ్చింది. కొంగు ముడి విప్పి నెగెటివ్ ముక్క నా చేతిలో పెట్టింది. జ్వరంతో పోయిన కూతురి పెళ్లి ఫొటో అది. ఆ పిల్ల ముఖం ఇంకెక్కడా మిగల్లేదు.

"రేపు బిడ్డ దినాలు. పెద్దగ చేసియ్యి కొడుకా. పొద్దుమీకి బస్సుకు పోవాలె."

పెద్ద సైజు కాగితాలు రెండే ఉన్నాయి. కొత్త పెట్టె రైల్లో రావాలి. పైగా ఓల్టేజీ ఊగుతోంది, దీపం మసకబారితే రంగే మారిపోతుంది. తెలుపు కోసం వెతికితే పెళ్లికూతురి చీర కనిపించింది. చిన్న కాగితపు ముక్క మీద వేసి చూస్తే అది పసుపుగా వచ్చింది, తప్పు ఫిల్టర్లదే అనుకున్నాను. అది తెల్లబడేదాకా అలాంటి ముక్కల మీద పసుపు ఫిల్టర్ పెంచుకుంటూ పోయి, కుదిరిందని మురిసిపోయి పెద్ద కాగితం వేసేశాను.

ప్రింటు చూసి ఆమె వెనక్కి జరిగింది. పిల్ల ముఖం నీలం తేలి ఉంది.

"ఆఖరికి గిట్లనే ఉండె దాని మొఖం," అంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "చీర చూడు పెద్దమ్మా, ఎంత తెల్లగొచ్చిందో," అని గదమాయించాను.

"చీర తెల్లదని ఎవరు చెప్పిన్రు? పసుపు నీళ్లల్ల ముంచినం గద."

మా ఇళ్లలోనూ పెళ్లిచీర పసుపులో ముంచాకే కడతారు. ఫిల్టర్ల ధ్యాసలో పడి ఆ సంగతే తోచలేదు. పెళ్లికొడుకు పంచె కూడా పసుపుదే, తలంబ్రాలూ పసుపువే. మిగిలింది ఒక్క కాగితం. అదీ చెడితే రేపు దండ వేయడానికి ఆ పిల్ల ముఖమే ఉండదు.

"పెద్దమ్మా, ఈ ఫొటోల తెల్లటిది ఏదన్న ఉన్నదా?" నా గొంతు నాకే పీలగా వినిపించింది.

ఆమె మళ్లీ ఆ నీలం ప్రింటు మీదికి వంగింది.

"పండ్లు," అంది. "నవ్వుకుంట కూసున్నది. పెండ్లిపిల్ల పండ్లు బయటపెట్టొద్దని అందరి ముంగట తిట్టిన. అయినా ఇనలే."

చిన్న కాగితపు ముక్క మీద ముఖం వరకే వేసి, భూతద్దం పెట్టి పళ్లు చూశాను. బియ్యపు గింజల్లా ఉన్నాయి. ఆ కాస్త తెలుపునే నమ్ముకుని ఫిల్టర్లు వెనక్కి తెచ్చి, దీపం నిలకడగా వెలిగేదాకా ఊపిరి బిగబట్టి, ఆఖరి కాగితం వేశాను. మందు నీళ్లలోంచి తీసి వెలుతురులోకి తెస్తే పసుపు చీర, చామనఛాయ ముఖం, నవ్వు.

ఆమె వంగి, వేలు తగలనీయకుండా ఆ పళ్ల దగ్గర పెట్టింది.

"నా మాట ఇనకపోతివి, మంచిగయ్యింది బిడ్డా," అంది.