ఎనిమిది నెలలవాడి వృత్తి కోసం శృంగవరపుకోటకి

మా బుజ్జిగాడి భవిష్యత్తు ఆదివారం ఉదయం పదీ నలభైకి తేలిపోతుందని మా నాన్న ఫోన్లో చెప్పారు. వాడికి ఎనిమిదో నెల, అన్నప్రాశన. నోట్లో ముద్ద పెట్టాక పుస్తకం, కలం, కత్తి, బంగారం ముందు పెట్టి వాణ్ణి వదులుతారు. దేన్ని ముట్టుకుంటే అదే పెద్దయ్యాక వాడి వృత్తి. "ఫిడేలు తేవడం మరిచిపోకు," అన్నారు. మా ఇంట్లో మూడు తరాలు కోవెల్లో ఫిడేలు వాయించారు. నాలుగో తరం నేను, శ్రీకాకుళంలో క్లర్కుని. పద్నాలుగేళ్ళు నేర్చుకుని వదిలేసినందుకు నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. అదే నా బాధ. ఆ లోటు కొడుకు చేత తీర్పిద్దామని నిశ్చయించుకున్నాను. వాణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు.

ఉదయం ఆరూ పదికి ఆమదాలవలసలో పాసింజరెక్కాం: నేను, మా ఆవిడ, ఆరేళ్ళ చిన్ని, బుజ్జిగాడు, పెట్టెలో ఫిడేలు. పసివాళ్ళతో వెళ్ళేవారికి మనవి: పాలసీసా సంచీలో పైనే పెట్టుకోండి. మేం అడుగున సర్ది, పొందూరు దాకా బోగీ మొత్తానికి వాడి గాత్రం వినిపించాం.

"ఏటి బాబూ అందులో?" అన్నాడు ఎదుటి సీటు పెద్దాయన.

"ఫిడేలండి."

"వాయిస్తావేటి?"

"లేదండి, మోస్తాను."

నేను పెట్టెలోంచి ఫిడేలు కమాను తీసి బుజ్జిగాడి ముందు ఊపడం మొదలుపెట్టాను. "కుక్కపిల్లకి నేర్పినట్టు ఏమిటండీ అది!" అంది మా ఆవిడ. చీపురుపల్లిలో వాడు చెయ్యి చాచాడు. నా కళ్ళు చెమర్చాయి. వాడు దాని చివర నోట్లో పెట్టుకున్నాడు.

విజయనగరంలో దిగి, బస్సుల కాంప్లెక్స్ దగ్గర ఇడ్లీ తిని, ఎనిమిదీ ముప్పావుకి శృంగవరపుకోట బస్సు పట్టుకున్నాం. పదింటికి నాన్న ఇంట్లో ఉన్నాం.

ముద్ద పెట్టడం అయ్యాక నాన్న చాప మీద వస్తువులు పేర్చారు. ఫిడేలు జానెడు దూరంలో, మిగతావన్నీ మూరెడు దూరంలో. నేనూ అదే ఎత్తు వేసుకొచ్చాను గనక కిమ్మనలేదు. బుజ్జిగాడు ఫిడేలుని కాసేపు చూశాడు. దాని మీదుగా పాకాడు. కత్తినీ కలాన్నీ ఖాతరు చెయ్యలేదు. తిన్నగా వెళ్ళి మా నాన్న కాలి బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.

"కాళ్ళట్టుకున్నాడంటే రాజకీయాల్లోకి ఎల్తాడమ్మా! మంత్రయిపోతాడు సూడండి!" అంది పక్కింటావిడ. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. వాణ్ణి వెనక్కి తెచ్చి మళ్ళీ మొదటినించి వదులుదామన్నాను.

"వద్దురా," అన్నారు నాన్న, వేలు వాడి నోట్లోనే ఉంచుకుని. "నువ్వేటి ముట్టుకున్నావో తెలుసా?"

"ఫిడేలు. ఊరంతా చెప్పేవారు కదా మీరు!"

"నువ్వెళ్ళింది పాలగిన్నె దగ్గరికి. నేనే నీ చెయ్యట్టుకుని ఫిడేలు మీద పెట్టాను." ఆయన తలెత్తలేదు. "పద్నాలుగేళ్ళు ఏడుస్తా వాయించావు. నాకు వినబడలేదేటి? ఫిడేలు ఇక్కడే ఉంచెయ్. ఇంక మొయ్యకు."

ముప్పై ఎనిమిదేళ్ళకి ఆ మాట విన్నాను. కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. ఎందుకని అడిగినవాళ్ళకి పాయసం వేడిగా ఉందని చెప్పాను.

నాలుగింటి బస్సుకి తిరుగుముఖం పట్టాం. పక్క సీట్లో, సంతలో ఎండుచేపలమ్ముకుని ఖాళీ బుట్టతో వెళ్తున్న ఒకామె. బస్సు కదలగానే చిన్ని అడిగింది: "నాన్నా, మరి నేనేటి ముట్టుకున్నాను?"

మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. చిన్ని అన్నప్రాశనకి ముద్ద పెట్టి ఊరుకున్నాం. ఆడపిల్ల కదా, దాని ముందు ఏమీ పెట్టాలని మాకు తోచనే లేదు. అబద్ధం చెబుదామనుకున్నాను గాని, ఆ రోజుకి అబద్ధాలు చాలనిపించింది.

"నీకేమీ పెట్టలేదమ్మా," అన్నాను. సిగ్గేసింది.

"అయితే ఇప్పుడు ముట్టుకుంటాను," అని చిన్ని లేచింది. ముందు సీటు కమ్మీ ముట్టుకుంది, కండక్టరు సంచీ ముట్టుకుంది, ఎవరిదో గొడుగు ముట్టుకుంది. చివరికి చేపల బుట్ట మీద చెయ్యి వేసింది.

"ఏటమ్మా, సేపలమ్ముతావేటి?" అందామె.

"ఊఁ!"

"అయితే ఇదిగో, నెత్తినెట్టుకో," అని బుట్ట దాని తల మీద పెట్టింది. మా చిన్ని బస్సు నడుమ నిలబడి చేపలమ్మడం మొదలుపెట్టింది. నేను దాని చెయ్యి పట్టుకుని సీట్లో కూర్చోబెట్టబోయి, వదిలేశాను.

"ఏటి కావాలి బాబూ?" అంది నా దగ్గరికొచ్చి.

"నువ్వేదిస్తే అదే తల్లీ," అన్నాను.