టైర్లలో తైదంబలి

ముళ్ల నేల మీద మౌంటెన్‌బోర్డు నడిపేవాళ్ల కష్టాల గురించి నేను ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. ఒక్కరూ చెవిన పెట్టలేదు. టైర్లు అమ్మేవాళ్లకు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. జనగామ బస్టాండులో పక్కన కూర్చున్నాయనకు చెబితే లేచి వేరే బెంచీకి పోయాడు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఇందులో ఒక పెద్దమనిషి తెల్ల చొక్కా, నా మోచేతుల తోలు, నా పరువు వరసగా పోతాయి. ముందే చెప్పలేదని తర్వాత నన్ననకండి.

మౌంటెన్‌బోర్డంటే వేరే ఏమీ కాదు. స్కేటింగు బల్లకు బాగా తిండి పెట్టి పెంచితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పొడవైన పలక, పాదాలకు పట్టీలు, కింద నాలుగు చిన్న గాలి టైర్లు. నిలబడి గుట్ట మీంచి జారడమే. హైదరాబాదులో ఎవరో వదిలించుకుంటుంటే నేను తెచ్చుకున్నాను. అయితే దాన్ని తయారుచేసినవాడు మా బచ్చన్నపేట బీళ్లు చూసి ఉండడు. సర్కారు తుమ్మ, పల్లేరు, రేగు కలిసి నా టైర్ల మీద కక్షగట్టాయి. జారేది కాసేపు, పంచర్లు వేసుకునేది పూటంతా.

అప్పట్లో నేను అక్క ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుకుతున్నాను. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా బావ, "ఏమన్న దొరికిందా సంపత్?" అని అడిగేవాడు. అలాంటి సమయంలో కొత్తగూడ అడవి అంచున పెట్టిన ఒక సాహస క్రీడల క్యాంపు నుంచి ఫోను వచ్చింది. మౌంటెన్‌బోర్డు నేర్పే మనిషి కావాలట. మేనేజరు ప్రభాకర్ గారు షరతు చెప్పారు: "మా వాలంతా ముళ్లేనండి. ఒక్క టైరు కూడా పంచరు కాకుండా కిందికి వచ్చి చూపిస్తే ఉద్యోగం మీదే."

నా దోస్తు గౌస్‌కు ఈ సంగతి తెలిసింది. సెల్‌ఫోన్ల దుకాణం వాడిది, ప్రపంచంలో ప్రతిదాని మీదా సలహా వాడిదే.

"అరె, గింత పరేషాన్ ఎందుకురా? పాత సైకిల్ ట్యూబు నిలువున కోసి, టైరుకు ట్యూబుకు నడుమ పెట్టు. ముల్లు అండ్లనే ఆగుతది."

మంచి సలహానే. కాని వాళ్ల అన్న పెళ్లిలో నాకు ముక్క లేని బిర్యానీ వడ్డించింది వీడే. అలాంటివాడి మాట నేను వింటానా?

"నీ ట్యూబు నువ్వే మెడకేసుకో," అన్నాను.

ఆన్‌లైన్లో పంచరు మందు తెప్పించాను. టైరులో పోస్తే రంధ్రాన్ని అదే పూడుస్తుందట. డబ్బా దారిలోనే కారిపోయి, అట్టపెట్టెను మాత్రం శాశ్వతంగా పూడ్చేసింది. ఫిర్యాదు చేశాను. జవాబా? మీరు ఈపాటికి ఊహించే ఉంటారు.

ఒక పొద్దున అక్క తైదంబలి, అదే రాగి అంబలి, కాచిన కుండను పీచుతో రుద్దుతూ తిట్టుకుంటోంది. "ఎండితె సిమెంటు లెక్క పట్టుకుంటది పాడుది!"

నా బుర్రలో దీపం వెలిగింది. కుండను వదలనిది ముల్లు రంధ్రాన్ని వదులుతుందా? మర్నాడు అంబలి దింపగానే చల్లార్చి, వడగట్టి, సిరంజితో నాలుగు ట్యూబుల్లో ఎక్కించి గాలి కొట్టాను. ఒక ముల్లు గుచ్చి తీశాను. బుస్సుమంది, బుడగ వచ్చింది, ఆగిపోయింది! ఎగిరి గంతేశాను.

"అంబలేదిరా?" అని అక్క కుండలోకి చూసింది.

"టైర్లల్ల పోసిన."

"వాటికి దూపైందా, తాగవోసినవ్?"

అంతా సవ్యంగానే జరిగేది, ప్రభాకర్ గారు పరీక్షను వారం వెనక్కి జరపకపోతే. ఇది కూడా నేను మరిచిపోను. ఎండలు మండుతున్నాయి. బోర్డు రేకుల కింద పడుంది. రాత్రి మూతపెట్టిన అంబలి పొద్దుటికి పులిసి పొంగుతుందని మా ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. పుట్టినప్పటి నుంచి ఆ పులిసిందే తాగి పెరిగిన నాకు మాత్రం తట్టలేదు. టైర్లు రోజురోజుకూ గట్టిపడుతుంటే, గాలి బాగా నిలుస్తోందని మురిసిపోయాను.

గౌస్ బండి మీదే కొత్తగూడ పోయాం. నడుస్తూ పోలేను కదా, పగను జేబులో పెట్టుకుని ఎక్కాను.

"టైర్లేందిరా, గర్భిణీల లెక్కున్నయి?" అన్నాడు.

"కుళ్లుకోకు," అన్నాను.

వాలు పైన నిలబడ్డాను. కింద ప్రభాకర్ గారు తెల్ల చొక్కాలో, పక్కన ఇద్దరు సిబ్బందితో. జారాను. బోర్డు రబ్బరు బంతిలా ఎగురుతోంది. పల్లేరు మీంచి పోయాను, రేగు మీంచి పోయాను, ఏమీ కాలేదు! బావకు చెప్పబోయే మాటలు కూడా కూర్చుకున్నాను. సరిగ్గా ప్రభాకర్ గారి ముందుకు వచ్చేసరికి ముందు టైరు ఢామ్మంది. వెంటనే మిగతావి, దీపావళి టపాకాయల సరం అంటుకున్నట్టు. నేను మోచేతుల మీద ఒక పక్కకు, పలక ఒక పక్కకు. అంబలి మొత్తం ఆయన మీదికి.

ఆయన ముఖం తుడుచుకుని వాసన చూశారు. కళ్లు పెద్దవయ్యాయి.

"టైర్లలో గుడుంబా రవాణా చేస్తున్నావా!"

"గుడుంబా కాదు సార్, తైదంబలి!" అని నేల మీంచే అరిచాను.

"అంబలిని టైర్లలో ఎవడు పోస్తాడయ్యా?"

గౌస్ ముందుకొచ్చి, సార్ చొక్కా చేతి మీది చుక్కను వేలితో తీసుకుని నాకి చూశాడు. "అంబలే సార్. జర ఉప్పు తక్కువైంది."

ప్రభాకర్ గారు జేబురుమాలుతో చొక్కా తుడుచుకుంటే మరక ఇంకా పెద్దదైంది. చివరికి, "కబురు చేస్తాం," అని లోపలికి వెళ్లిపోయారు. ఆ కబురు ఇంతవరకూ రాలేదు.

కడుపులోకి పోవలసినదాన్ని ఇక ఏ జన్మలోనూ టైరులో పోయనని ఈ పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అది నా వంతు. ఇక మీ వంతు, ప్రభాకర్ గారూ. మీ షరతు పంచరు కాకూడదని. ట్యూబు ముక్కలన్నీ ఏరి వెతికాం, ఒక్క ముల్లు లేదు. నా టైర్లలో గాలి దిగలేదు సార్, ఎక్కువైంది. కిందికి రావాలన్నారు. బోర్డూ వచ్చింది, నేనూ వచ్చాను. విడివిడిగా రాకూడదని మీరు చెప్పలేదు. నాకు ఉద్యోగం వచ్చినట్టా, రానట్టా? ఒక్క మాట చెప్పండి. బావ ఇంకా అడుగుతూనే ఉన్నాడు.